మందుల చీటీ - ముగ్గురి పూచీ
(సంక్షేమ సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మందుల దుకాణంలో పాటించవలసిన నియమాల గూర్చి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు నన్ను ఆదేశించారు. నియమాలనగానే అవి దుకాణదారుకు, డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు సంబంధించిన వ్యవహారమనీ, మనకెందుకులే అనీ అనిపిస్తుంది. కాని మందు మింగేది దుకాణదారు కాదు, ఇన్‌స్పెక్టరూ కాదు. మింగేది మనం, మన పిల్లలు. అందుచేత ఆ నియమాలు మన ఇంటివే.

మనం వుంటున్న చోటు కూడా ఆలోచించండి. అల్వాల్ నుంచి కరీంనగర్ రోడ్డు పట్టుకొని శామీర్‌పేట దాటితే తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వస్తుంది. కోవిడ్ రోజుల్లో దేశమంతా వేసుకున్న కోవాగ్జిన్ టీకా అక్కడిదే. ఇటు బాలానగర్ పోతే, 1961లో స్థాపించిన ఐ.డి.పి.ఎల్. ప్రభుత్వ మందుల సంస్థకు పెద్ద కర్మాగారం వుండేది. మలేరియాను మోసేది దోమేనని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనుగొన్నది కూడా మన పక్కన బేగంపేటలోనే. ఇంత మందుల చరిత్ర మధ్య వుండి, మనం దుకాణానికి పోయి అడిగేదేమిటి? "అన్నా, జరమొచ్చింది, నాలుగు గోలీలియ్యి." ఏ గోలీలో అడగం, ఎవరికో చెప్పం. ఇచ్చినవాడు కూడా అడగడు. బేరం అర నిమిషంలో అయిపోతుంది. ఆ అర నిమిషం గూర్చే నేను మాట్లాడదలచుకున్నాను.

నియమాలు ఎక్కడి నుంచి వచ్చాయి

బజారులో మందుల మీద నిఘా వుండాలన్న ఆలోచన కొత్తది కాదు. మధ్యయుగంలో బాగ్దాదు, దమాస్కస్, కైరో వంటి నగరాల్లో ముహ్తసిబ్ అనే అధికారి వుండేవాడు. తూకాలు, కొలతలు చూచినట్టే అత్తారుల దుకాణాల్లో మందుల కల్తీని కూడా చూడడం ఆయన పని. మందు అమ్మడమంటే ఉప్పు, పప్పు అమ్మినట్టు కాదని ఆనాడే గుర్తించారన్న మాట.

మన దేశంలో కల్తీ మందులు, నాసిరకం మందులు విచ్చలవిడిగా అమ్ముడుపోతుంటే, 1930లో కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఔషధ విచారణ సంఘాన్ని వేశారు. ఆ సంఘం 1931లో నివేదిక ఇచ్చింది. దాని ఫలితంగా 1940లో ఔషధ చట్టం, 1945లో దాని కింద నియమాలు వచ్చాయి. 1948లో ఫార్మసీ చట్టం వచ్చింది. డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టరయిన ఫార్మసిస్టే తప్ప ఇంకొకరు కాదని ఆ చట్టం 42వ సెక్షన్ చెబుతున్నది. అమెరికాలో 1937లో విషద్రావకం కలిసిన సల్ఫా మందు తాగి వందమందికి పైగా చనిపోయిన తరువాతనే అక్కడ 1938లో గట్టి చట్టం వచ్చింది. ఇలాంటి నియమాలలో చాలావాటి వెనుక ఎవరో ఒకరి ప్రాణం పోయిన సంగతి వుంటుంది. ఈ మాట గుర్తుంచుకుంటే నియమం చాదస్తమనిపించదు.

డాక్టరు పూచీ

చీటీ అంటే ఎలా వుండాలో 1945 నియమాల్లో 65వ నియమం చెప్పింది. అది రాతపూర్వకంగా వుండాలి. డాక్టరు తన మామూలు సంతకం చేసి తేదీ వేయాలి. ఎవరి కోసమో ఆ రోగి పేరు, చిరునామా వుండాలి. మొత్తం ఎన్ని మాత్రలు ఇవ్వాలో, పూటకు ఎంత వాడాలో వుండాలి. ఇవి లేని కాగితం చట్టం దృష్టిలో పూర్తి చీటీ కాదు. భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు కూడా చీటీ మీద వేయాలి. 2016లో ఆ నియమావళిని సవరించి, మందు అసలు పేరును చదవడానికి వీలుగా, సాధ్యమైతే పెద్ద అక్షరాల్లో రాయాలని చేర్చారు. రోగికి అర్థమయ్యే చీటీ పొందడం ప్రాథమిక హక్కేనని పంజాబ్, హర్యానా హైకోర్టు 2025లో చెప్పింది. కాబట్టి "డాక్టర్ సాబ్, ఇది నాకు చదవరాలేదు, జర విడిగా రాయండి" అని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఇక్కడ మన ప్రాంతంలో ఒక పెద్ద గందరగోళం వుంది. చట్టంలో ఆర్.ఎం.పి. అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అనగా వైద్య మండలిలో పేరు నమోదైన డాక్టరు. మన వాడుకలో ఆర్.ఎం.పి. అంటే చదువు లేకుండా అనుభవం మీద సూది వేసే ఊరి డాక్టరు. అక్షరాలు మూడూ ఒకటే, అర్థం మాత్రం తలకిందులు. ఆయన మంచివాడే కావచ్చు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి రావచ్చు. అయినా ఆయన రాసిచ్చిన కాగితం మీద షెడ్యూలు మందు ఇవ్వడానికి దుకాణానికి అధికారం లేదు.

దుకాణం పూచీ

దుకాణంలోకి పోగానే గోడ వైపు చూడండి. లైసెన్సు అందరికీ కనబడేట్టు తగిలించి వుండాలి. చీటీ మందులు ఫార్మసిస్టు స్వయంగా గాని, ఆయన పర్యవేక్షణలో గాని ఇవ్వాలి. ఫార్మసిస్టు సర్టిఫికెట్టు గోడ మీద వుండి, ఫార్మసిస్టు మాత్రం ఎక్కడో వుంటే నియమం పాటించినట్టు కాదు.

ఇంకా కొన్ని సంగతులు చాలామందికి తెలియవు. డాక్టరు మళ్ళీ ఇవ్వవచ్చని రాయనంతవరకు ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. ఇచ్చినప్పుడు చీటీ మీద డాక్టరు సంతకానికి పైన దుకాణం పేరు, చిరునామా, తేదీ వేయాలి. ఆ ముద్ర ఎందుకంటే, అదే చీటీ పట్టుకొని ఇంకో నాలుగు దుకాణాలు తిరగకుండా. రెండేళ్ళ కిందటి చీటీ తెచ్చి "గదే మందు ఇయ్యి" అంటే ఇవ్వకపోవడం దుకాణదారు పొగరు కాదు. ఈ రెండేళ్ళలో మీ కిడ్నీ ఎట్లా వున్నదో, మీ బి.పి. ఎంత వున్నదో ఆ పాత కాగితానికి తెలియదు గదా!

గడువు దాటిన మందు అమ్మడం నేరం. స్ట్రిప్పు కత్తిరించి ఇచ్చేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ వున్న ముక్క మన చేతికి రాకపోతే ఆ రెండూ బిల్లు మీద వేయించుకోవాలి. రేపు ఒక బ్యాచ్ చెడ్డదని తేలినప్పుడు ఆ బిల్లే మనకు సాక్ష్యం.

పెట్టె మీద గుర్తులు

చదువు రానివారు కూడా గుర్తుపట్టగల సంగతి ఒకటి చెబుతాను. మందు పెట్టె మీద ఎడమవైపు ఆర్.ఎక్స్. అనే ఇంగ్లీషు గుర్తు వుంటే అది షెడ్యూల్ హెచ్ మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు. ఆ గుర్తు ఎర్రగా వుండి, పక్కన ఎర్రగీతల చట్రంలో హెచ్చరిక వుంటే అది హెచ్-1 మందు. 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమలులోకి తెచ్చిన ఈ జాబితాలో మొదట 46 మందులు పెట్టారు. సెఫిక్సిమ్ వంటి బలమైన యాంటీబయోటిక్కులు, క్షయ మందులు, ఆల్‌ప్రజొలామ్ వంటి నిద్ర, ఆందోళన మాత్రలు, ట్రమడాల్ వంటి నొప్పి మందులు ఇందులో వున్నాయి. ఇవి ఇచ్చినప్పుడు డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో వేరే రిజిస్టరులో రాసి మూడేళ్ళు వుంచాలి. కాబట్టి దుకాణంలో "పేషెంటు పేరేంది?" అని అడిగితే చిరాకు పడకండి. అడిగినవాడు సరైన పని చేస్తున్నాడు. షెడ్యూల్ ఎక్స్ మందులకైతే చీటీ రెండు ప్రతులు కావాలి. ఒకటి దుకాణంలో రెండేళ్ళు వుండాలి.

జ్వరానికి పారాసెటమాల్ మాత్ర, విరేచనాలకు ఓ.ఆర్.ఎస్. పొట్లం చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. అందులోనూ జాగ్రత్త వుండాలి. జలుబు గోలీల్లో, నొప్పి గోలీల్లో కూడా పారాసెటమాల్ కలిసి వుంటుంది. మూడు రకాలు వేసుకుంటే మూడింతలు లోపలికి పోతుంది. పెద్దవాళ్ళకు రోజుకు 4 గ్రాములు దాటితే కాలేయానికి ముప్పు. చంటిపిల్లలకు ఇచ్చే చుక్కల మందు చాలా రకాల్లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 125. అంటే చుక్కల మందు నాలుగింతలు చిక్కనిది. సిరప్పు లెక్కన చుక్కల మందు పోస్తే ఏమవుతుందో తల్లులే ఊహించండి.

డబ్బు సంగతి

ఇప్పుడు మీలో ఒకరు లేచి, "ఇవన్నీ సరే, డాక్టరు రాసిన కంపెనీ మందు కొనే తాకత్ మాకు లేదు, అదే మందు తక్కువ ధరలో ఇమ్మంటే షాపాయన ఇస్తలేడు" అనవచ్చు. న్యాయమైన మాటే. కాని షెడ్యూల్ హెచ్ మందు విషయంలో చీటీలో వున్నదానికి బదులు ఇంకొకటి, లోపల అదే పదార్థం వున్నా సరే, దుకాణం వాళ్ళు తమంతట తాము మార్చి ఇవ్వకూడదని నియమం. ఎక్కువ లాభమిచ్చే కంపెనీ మందును అంటగట్టకుండా ఈ అడ్డు వుంది. అదే అడ్డు పేదవాడికి చవక మందు దొరకకుండా కూడా చేస్తున్నది. ఇది నిజం, దాచుకోవలసిన పని లేదు.

దారి ఏమిటంటే, మార్చమని దుకాణంలో కాదు, డాక్టరు దగ్గరే అడగాలి. "సార్, కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయండి" అని ఒక్క మాట. మందు పేరు వున్న చీటీతో 2008లో మొదలైన జన ఔషధి దుకాణాలకు పోవచ్చు. 2018 నుంచి మన నగరంలో తెరిచిన బస్తీ దవాఖానాల్లో డాక్టరు చూచి మందులు ఉచితంగా ఇస్తారు. క్షయ మందులు ప్రభుత్వ దవాఖానలో పూర్తి కోర్సు ఉచితం. డబ్బు లేక నాలుగు రోజుల మందుకు రెండు రోజులదే కొంటున్నామంటే, ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. సిగ్గుపడి దాచితే నష్టం మనకే.

మన ఇళ్ళలో జరుగుతున్నవి

మొదటిది, యాంటీబయోటిక్కు. రెండు గోలీలు వేసుకొని జ్వరం తగ్గగానే మిగిలినవి డబ్బాలో దాచి, వచ్చే నెల ఇంకొకరికి ఇస్తాం. పెన్సిలిన్ కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి ప్రసంగంలోనే, దుకాణంలో కొని తక్కువ మోతాదు వాడితే క్రిములు మొండికేస్తాయని హెచ్చరించాడు. మామూలు జలుబుకు యాంటీబయోటిక్కు పని చేయదు. ఎన్ని రోజులు వాడాలో, ఎప్పుడు ఆపాలో డాక్టరు చెప్పాలి, మనం కాదు.

రెండవది, స్టెరాయిడ్లు. కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి పేరు లేని కాగితం పొట్లంలో కట్టి ఇచ్చే గోలీల్లో ఇవి కలిసి వుండవచ్చు. వేసుకోగానే హాయిగా వుంటుంది. నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు పలచబడతాయి, హఠాత్తుగా మానితే ప్రాణం మీదికి వస్తుంది. పేరు లేని పొట్లం ఎవరిచ్చినా వద్దనండి. రంగు తేలడానికి ఆడపిల్లలు రాసుకునే కొన్ని క్రీముల్లోనూ స్టెరాయిడ్లు వుంటాయి. ముఖం ఎర్రబడి, చర్మం పలచనై, వెంట్రుకలు మొలుస్తాయి. అందుకే 2018లో 14 స్టెరాయిడ్ల పూతమందులను కూడా చీటీ మందుల్లో చేర్చారు.

మూడవది, పిల్లల దగ్గు మందు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషద్రావకం కలిసిన దగ్గు సిరప్పు తాగి ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. అది డాక్టర్లు రాసిన మందే. తప్పు తయారీలో జరిగింది. కనుక చీటీ వున్నంత మాత్రాన అన్నీ సవ్యమని నేననను. అక్కరలేని మందు పిల్లలకు పోయకపోవడమే మొదటి కాపుదల. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు నాలుగేళ్ళలోపు పిల్లలకు వాడరాదని 2023లో ఆదేశించారు. నిమెసులైడ్‌ను 12 ఏళ్ళలోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు.

నాలుగవది, రంజాన్ నెల. పొద్దున వేసుకునే షుగరు గోలీని సహర్‌కు మార్చుకుంటే సరిపోతుందని కొందరు లెక్క వేస్తారు. గ్లిమెపిరైడ్ వంటి మాత్ర వేసుకొని పగలంతా ఏమీ తినకపోతే షుగరు పడిపోయి స్పృహ తప్పవచ్చు. రోజాలు మొదలుకావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు రాయించుకోవాలి. షుగరు 70 కంటె తగ్గినా, 300 దాటినా ఆ రోజు రోజా విరమించాలని వైద్యుల మార్గదర్శకం.

అయిదవది, గల్ఫుకు, హజ్‌కు పోయేవారి పెట్టె. ఇక్కడ మామూలుగా దొరికే ట్రమడాల్, కోడీన్ వంటివి అక్కడ కఠిన నియంత్రణలో వున్నాయి. చీటీ లేకుండా పట్టుబడితే మందు కాదు, మత్తు పదార్థమని కేసు అవుతుంది. వంటకు కట్టి ఇచ్చే గసగసాలు కూడా సౌదీలో, ఎమిరేట్స్‌లో నిషిద్ధం. మందులను అసలు పెట్టెలతో, డాక్టరు చీటీతో కలిపి, ఏవి తీసుకుపోవచ్చో ముందే తెలుసుకొని పంపండి.

యునానీ, ఆయుర్వేద మందులు వాడేవారు ఆ సంగతి ఇంగ్లీషు డాక్టరుకు, ఫార్మసిస్టుకు తప్పక చెప్పాలి. కుష్తాల వంటి లోహపు మందులు హకీము పర్యవేక్షణలోనే వాడాలి.

సంఘం మందుల పెట్టె

ఇక చివరి మాట. ఇది కొందరికి కష్టంగా తోచవచ్చు, అయినా చెప్పాలి. సంక్షేమ సంఘాలు చాలా చోట్ల ఇళ్ళలో మిగిలిన మందులు పోగుచేసి, పేదలకు పంచే పెట్టె నడుపుతుంటాయి. ఆశయం గొప్పది. కాని ఆ గోలీలు ఎవరింట్లో, ఎంత ఎండలో, ఎంత తేమలో వున్నాయో మనకు తెలియదు. కత్తిరించిన స్ట్రిప్పు మీద గడువు వుండదు. వాటిని సేవా భావంతో పంచే మన యువకులకు మందుల చదువు లేదు. మన దగ్గర డబ్బున్నవాడికి సీలు తీయని మందు, పేదవాడికి మిగిలిన మందు అంటే అది దానం అనిపించుకోదు. "డాక్టరు నమూనా, అమ్మకానికి కాదు" అని రాసివున్న వాటికీ ఇదే మాట. రోగిని చూచిన డాక్టరు తన చేత్తో ఇవ్వాలి తప్ప పెట్టెలోంచి ఎవరో తీసి ఇవ్వకూడదు.

అందుకు బదులు నేను మూడు సూచనలు చేస్తాను. ఆ పెట్టె మూసి, అదే సొమ్ముతో లైసెన్సు వున్న దుకాణంలో ఒక ఖాతా తెరవండి. పేద రోగి చీటీ తెస్తే సంఘం బిల్లు కడుతుంది. మందు ఫార్మసిస్టు ఇస్తాడు, బిల్లు, బ్యాచ్ నంబరు వుంటాయి. రెండవది, వైద్య శిబిరం పెట్టినప్పుడు మందుల బల్ల దగ్గర రిజిస్టరయిన ఫార్మసిస్టునే కూర్చోబెట్టండి. ఉర్దూలో, తెలుగులో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని విడమరచి రాసి ఇవ్వండి. మూడవది, ఇంటింటికీ ఒక ఫైలు ఇవ్వండి. చీటీలు, బిల్లులు, ఏ మందు పడదో ఆ వివరం అందులో వుండాలి. దవాఖానకు పోయిన ప్రతిసారీ ఆ ఫైలు చేతిలో వుండాలి.

మందు వాడినాక ఒంటి మీద దద్దుర్లు, ఊపిరాడకపోవడం వంటివి వస్తే వెంటనే దవాఖానకు పోవాలి. తరువాత 1800-180-3024 నంబరుకు ఫోను చేసి తెలపవచ్చు. దీనికి డబ్బు పడదు. నకిలీ మందు, లైసెన్సు లేని అమ్మకం అనుమానమొస్తే తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ నంబరు 1800-599-6969.

పెద్దలారా, డాక్టరు రాస్తాడు, ఫార్మసిస్టు సరిచూస్తాడు, ఇల్లు వాడుతుంది. ఈ ముగ్గురిలో ఎవరు తప్పినా మిగిలిన ఇద్దరు పట్టుకోవాలి, అందుకే చీటీ. ఇద్దరిని చూచుకోవడానికి చట్టం వుంది, ఇన్‌స్పెక్టరున్నాడు. మూడోవాడి మీద, అంటే మన మీద, ఇన్‌స్పెక్టరెవరూ లేరు. ఆ పని మనమే చేసుకోవాలి. రేపు దుకాణం ముందు నిలబడి "నాలుగు గోలీలియ్యి" అనబోయే ముందు, ఏ గోలీ, ఎవరికి, ఎన్ని రోజులకు అని ఒక్కసారి అడగండి. ఈ సభలోని పది ఇళ్ళు ఆ అలవాటు చేసుకున్నా నా మాటలకు ఫలితం దక్కినట్టే.